నేతిబీరకాయలో నెయ్యి, ఇంటి ఐస్‌క్రీములో ఇల్లు

ఎండలు ముదిరాయి. బడులకు సెలవులిచ్చారు. ఉదయం పదిన్నర దాటితే బెజవాడ బీసెంట్ రోడ్డులో కూడా జనం పలచబడుతున్నారు. ఇలాంటి రోజుల్లో మన ఇళ్ళలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "బయటిది కాదండీ, ఇంట్లో చేసిన ఐస్‌క్రీమే. ఎంత తిన్నా ఏమీ కాదు." ఈ వ్యాసం ఆ మాట మీద.

నేను ఐస్‌క్రీముకు శత్రువును కాను. దాన్ని ఇంట్లో చేసుకోవడానికి అసలే కాను. డెల్టా గేదె పాలు, నూజివీడు మామిడి చేతికందే దూరంలో ఉండి కూడా ఇంట్లో ఐస్‌క్రీము చేసుకోనివారిని చూస్తే జాలిపడతాను. నా అభ్యంతరమల్లా "ఇంట్లో చేసింది" అన్న రెండు మాటలను సర్కారు ముద్ర వేసిన ధ్రువపత్రంలా చూపించడం మీద. ఇల్లు ధ్రువపత్రం కాదు. ఇల్లు ఒక బాధ్యత. గిన్నెలో ఏం పడాలో, అది ఎంతసేపు మరగాలో, ఎవరికి ఎంత పెట్టాలో మీరే నిర్ణయిస్తే అది ఇంటి వంట. ఆ నిర్ణయాలన్నీ పొట్లం మీది రాతకూ, ఫోనులో కనబడే వీడియోకూ అప్పగించి, కలపడం మాత్రం మీ వంటగదిలో జరిగితే అది ఇంటిదెలా అవుతుంది? మన నేతిబీరకాయలో నెయ్యి ఎంత ఉంటుందో, ఆ ఐస్‌క్రీములో ఇల్లు కూడా అంతే ఉంటుంది.

చల్లదనం మీద రెండు అపోహలు

ముందుగా పెద్దవాళ్ళ భయం సంగతి చూద్దాం. "చల్లనిది తింటే జలుబు చేస్తుంది, గొంతు పడుతుంది, జ్వరమొస్తుంది" అంటారు. జలుబు వైరస్‌ల వలన వస్తుంది. గొంతు నొప్పి చాలాసార్లు వైరస్‌ల వలన, కొన్నిసార్లు స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వలన వస్తుంది. చల్లదనం ఈ రెండింటిలో దేన్నీ పుట్టించలేదు. టాన్సిల్స్ శస్త్రచికిత్స చేసిన పిల్లలకు నొప్పి తగ్గడానికి ఐస్‌క్రీము పెట్టమని వైద్యులే చెబుతారు. చల్లదనమే గొంతుకు విషమైతే, పచ్చి పుండున్న గొంతుకు దాన్ని ఎందుకు పెట్టమంటారు? ఉబ్బసం ఉన్న కొందరు పిల్లలకు చల్లనిది తగలగానే దగ్గు రావచ్చు. అది వేరే సంగతి, వారి విషయంలో జాగ్రత్త అవసరమే.

ఈ అపోహను ఊరికే వదిలేయలేకపోవడానికి కారణముంది. చల్లదనాన్ని చూసి భయపడే తల్లి, ఐస్‌క్రీమును గిన్నెలో వేసి, ఫ్యాను కింద పెట్టి, "చల్లదనం పోయాక" బిడ్డకు పెడుతుంది. మే నెలలో మన గది వేడి ముప్పై అయిదు డిగ్రీలకు పైమాటే. పాలు, చక్కెర, ఆ వేడి కలిస్తే సూక్ష్మజీవులకు అంతకన్నా మంచి పొలం దొరకదు. బిడ్డను కాపాడాలనుకున్న పని బిడ్డకు కీడు చేసేదిగా మారుతుంది. భయపడవలసింది చల్లదనాన్ని చూసి కాదు, సూక్ష్మజీవిని చూసి.

రెండో అపోహ దీనికి తలకిందులుగా ఉంటుంది: "ఐస్‌క్రీము చలువ చేస్తుంది." లెక్క వేసి చూడండి. వంద గ్రాముల మంచు కరిగి శరీరపు వేడికి చేరుకోవడానికి మన ఒంటి నుండి తీసుకునేది సుమారు 12 కిలోకేలరీలు. వంద గ్రాముల ఐస్‌క్రీములో నీరు తక్కువ కాబట్టి అది తీసుకునేది ఇంకా తక్కువ. అదే వంద గ్రాముల ఐస్‌క్రీము ఒంటికి ఇచ్చే శక్తి మాత్రం దాదాపు 200 కిలోకేలరీలు. నాలుకకు చల్లగా ఉంటుంది, నిజమే. వడదెబ్బకు మాత్రం అది మందు కాదు, ముందుజాగ్రత్త అంతకన్నా కాదు. 2015 మే నెల వడగాలులకు మన రాష్ట్రం ఒక్కదానిలోనే వెయ్యిమందికి పైగా మరణించారు. ఆ ఎండలో పనిచేసే మనిషికి కావలసింది నీరు, ఉప్పు, నీడ, విశ్రాంతి. ఉప్పేసిన పలుచటి మజ్జిగ, తరవాణి, తాటిముంజలు, కొబ్బరినీళ్ళు ఉన్న దేశం మనది. ఐస్‌క్రీము తినండి, కానీ దాన్ని రుచికోసం తినండి. దాహానికి మజ్జిగ తాగండి.

వంటగదిలోకి వచ్చిన కార్ఖానా

ఇప్పుడు వీడియోల సంగతి. "రెండే రెండు వస్తువులతో ఇంట్లోనే ఐస్‌క్రీము" అంటారు. ఆ రెండు వస్తువులేమిటో చూస్తే, ఒకటి విప్పింగ్ క్రీము పొట్లం, రెండోది కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా. ఇంకొంచెం నేర్పరులు జీఎంఎస్ పొడి, సీఎంసీ పొడి, ఎసెన్సు, రంగు కూడా తెప్పిస్తారు.

ఆ విప్పింగ్ క్రీము పొట్లాన్ని ఒకసారి వెనక్కి తిప్పి చదవండి. మన దుకాణాల్లో చవకగా దొరికే చాలా రకాల్లో మీగడ అన్నదే ఉండదు. ఉండేది నీరు, తాటి జాతి గింజల నుండి తీసి గట్టిపరచిన నూనె, చక్కెర, ఇంకా నురుగు నిలబెట్టే పదార్థాలు. ఆ గింజ నూనెలో నూటికి ఎనభై పాళ్ళు సంతృప్త కొవ్వే. పాల కొవ్వులోనూ సంతృప్త కొవ్వు మూడింట రెండు వంతుల దాకా ఉంటుంది. కాబట్టి పాల మీగడ అమృతమని నేను అనడం లేదు. మీగడ వేస్తున్నామనుకుంటూ నూనె వేయడం మోసపోవడమని మాత్రమే అంటున్నాను. పాలతో వచ్చే మాంసకృత్తులు, కాల్షియం ఆ నూనెతో రావు.

మన చట్టం ఈ తేడాను స్పష్టంగానే గీసింది. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం "ఐస్‌క్రీము" అని పేరు పెట్టాలంటే అందులో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. పాల కొవ్వుకు బదులు వృక్ష సంబంధమైన నూనె గానీ కొవ్వు గానీ వేస్తే దాన్ని ఐస్‌క్రీము అనకూడదు, "ఫ్రోజెన్ డెజర్ట్" అనాలి, ఆ సంగతి పొట్లం మీద రాయాలి. ఈ పేరు మీదనే 2017లో అమూల్, హిందుస్థాన్ యూనిలీవర్ సంస్థలు బొంబాయి హైకోర్టు దాకా వెళ్ళాయి. ఫ్రోజెన్ డెజర్ట్‌ను వనస్పతితో ముడిపెట్టిన అమూల్ ప్రకటనను కోర్టు ఆపించింది. పోరాటంలో ఎవరు గెలిచారన్నది మనకు ముఖ్యం కాదు. ఒక మాట కోసం అంత పెద్ద సంస్థలు కోర్టుకెక్కాయంటే ఆ మాట విలువ ఎంతో ఊహించండి. కార్ఖానావాడు నూనెతో చేసినదాన్ని ఐస్‌క్రీము అంటే చట్టం ఒప్పుకోదు. అదే నూనెతో మనం వంటగదిలో చేసి పిల్లల చేతికి "అమ్మ చేసిన ఐస్‌క్రీము" అని ఇస్తే అడిగేవాడు లేడు. అక్కడ చట్టం లేదు, మీరే ఉన్నారు.

రెండో డబ్బా సంగతి. తీపి కండెన్స్‌డ్ మిల్క్‌లో నూటికి నలభై పాళ్ళకు పైగా బయటినుండి కలిపిన చక్కెరే. 400 గ్రాముల డబ్బా ఒకటి ఒంపితే 160 గ్రాములకు పైగా చక్కెర ఒంపినట్లే. పాలలో సహజంగా ఉండే చక్కెర దీనికి అదనం. చాలా విప్పింగ్ క్రీముల్లోనూ చక్కెర ముందే కలిపి ఉంటుంది. ఆ పైన "తీపి చాలలేదు" అని ఇంకో నాలుగు చెంచాల పంచదార పొడి వేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినదాని ప్రకారం విడిగా కలిపే చక్కెరల నుండి వచ్చే శక్తి రోజు మొత్తం శక్తిలో 10 శాతం మించరాదు, 5 శాతం లోపుంటే ఇంకా మంచిది. పెద్దవారికి ఆ 5 శాతం అంటే సుమారు 25 గ్రాములు. చిన్నపిల్లలకు ఇంకా తక్కువ.

జీఎంఎస్, సీఎంసీ పొడులు విషాలని ప్రచారం చేసేవారు కూడా ఉన్నారు. అది నిజం కాదు. పరిమితిలో వాడడానికి అవి చట్టం అనుమతించినవే. ఒకటి కొవ్వునూ నీటినీ కలిపి ఉంచుతుంది, రెండోది మంచు పలుకులు పెద్దవి కాకుండా చూస్తుంది. నా ప్రశ్న ఒక్కటే: నెలల తరబడి గోదాములో నిలవ ఉండి, లారీలో ఊళ్ళు దాటి వెళ్ళవలసిన సరుకుకు అవసరమైన పొడులు, రేపు సాయంత్రానికల్లా అయిపోయే మీ గిన్నెకెందుకు?

గడ్డకట్టినంత మాత్రాన చావవు

"ఫ్రీజరులో పెట్టాం కదా, అందులో క్రిములు బతుకుతాయా?" అని చదువుకున్నవారు కూడా అడుగుతారు. బతుకుతాయి. గడ్డకట్టించడం సూక్ష్మజీవులను చంపదు, నిద్రపుచ్చుతుంది. కరగగానే లేస్తాయి. లిస్టీరియా అనే బాక్టీరియా అయితే ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరగగలదు. గర్భిణులకు అది సోకితే గర్భం పోయే ప్రమాదం ఉంది.

అమెరికాలో జరిగిన రెండు సంఘటనలు మన వంటగదికి పాఠాలుగా పనికొస్తాయి. 1994లో ఒక ప్రసిద్ధ సంస్థ ఐస్‌క్రీము తిని, అంచనాల ప్రకారం, 2,24,000 మంది సాల్మొనెల్లా వ్యాధి పాలయ్యారు. ఆ మిశ్రమాన్ని శాస్త్రీయంగానే వేడిచేశారు. కానీ ఆ తరువాత దాన్ని తరలించిన ట్యాంకరు లారీలో అంతకుముందు పచ్చి గుడ్ల సొన తీసుకెళ్ళారు. రెండోసారి వేడిచేయకుండానే గడ్డకట్టించారు. 2015లో బ్లూ బెల్ అనే మరో సంస్థ ఐస్‌క్రీములో లిస్టీరియా చేరి 10 మంది ఆసుపత్రి పాలయ్యారు, వారిలో ముగ్గురు మరణించారు. అంత యంత్రాంగం, అన్ని పరీక్షలు ఉన్నచోటనే ఇలా జరిగింది.

మొదటి సంఘటనలోని తప్పు మన ఇళ్ళలో అతి సులువుగా జరుగుతుంది. పాలు చక్కగా మరిగిస్తాం. తరువాత, పచ్చిపాలు పోసి తీసిన గిన్నెను తొలిపి అందులోనే ఒంపుతాం. కోడిగుడ్డు పగలగొట్టిన చేత్తోనే గరిటె పట్టుకుంటాం. వేలు కోసుకుని కట్టు కట్టుకున్న చేత్తో మామిడిపండు పిసుకుతాం. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. పుండ్లలో ఉండే స్టెఫైలోకాకస్ ఆహారంలో చేరి విషాన్ని తయారుచేస్తుంది. ఆ తరువాత ఎంత మరిగించినా ఆ విషం పోదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి.

ఇక "సహజం" పేరుతో జరిగే సాహసాలు రెండు. మొదటిది గుమ్మపాలు. పొదుగు దగ్గర పితికిన పాలు కాచకుండా వాడితే బలమని మన పల్లెల్లో ఇప్పటికీ నమ్ముతారు. పచ్చిపాలతో బ్రూసెల్లా జ్వరం, పశువుల క్షయ, విరేచనాలు వచ్చే అవకాశం ఉంది. రెండోది పచ్చిగుడ్డు. గుడ్డు సొన వేసి చేసే పాత పద్ధతి కస్టర్డు ఐస్‌క్రీము రుచిగా ఉంటుందనడంలో సందేహం లేదు. అయితే సొన కలిపిన తరువాత మిశ్రమం సన్నని సెగ మీద గరిటె వెనుక పూతలా పట్టేదాకా, అంటే 70 డిగ్రీలు దాటేదాకా కాగాలి. అది చేయలేకపోతే గుడ్డు మానేయండి. ఏడాది నిండని బిడ్డలకు తేనె కలిపినదేదీ పెట్టకండి. అందులో ఉండగల బాట్యులిజం బీజాలు పసివారి పేగులో మొలకెత్తుతాయి.

కరెంటు కోత ఇంకో ప్రమాదం. కరిగి, మళ్ళీ గడ్డకట్టిన ఐస్‌క్రీము పైకి మామూలుగానే కనబడుతుంది, మంచు పలుకులు మాత్రం నోటికి తగులుతాయి. పూర్తిగా కరిగి గది వేడికి వచ్చినదాన్ని మళ్ళీ గడ్డకట్టించి పిల్లలకు పెట్టకండి. పారబోయడానికి మనసొప్పదు, నిజమే. ఆసుపత్రి ఖర్చుకు ఇంకా మనసొప్పదు.

ఆ ఐసు ఎక్కడిది?

కృష్ణా డెల్టాకు ప్రత్యేకమైన సంగతి ఒకటి ఇప్పుడు చెప్పాలి. కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి ప్రాంతాల చెరువుల చేపలు ఐసు కప్పుకుని లారీల్లో బెంగాలుకు, అస్సాముకు వెళతాయి. బందరు తీరంలో పడవలు దిగిన చేపకూ ఐసే ఆధారం. అందుచేత ఐసు ఫ్యాక్టరీలు మన ప్రాంతానికి కొత్త కావు, దిమ్మలకు కొదవ లేదు. చేపను చల్లగా ఉంచే ఐసును తాగే నీటితో చేయాలన్న పట్టింపు అందరికీ ఉండదు. ఆ దిమ్మ చేపల పెట్టెలోనే ఆగిపోతే ఇబ్బంది లేదు. అదే దిమ్మను గోనెసంచిలో చుట్టి, రోడ్డు మీద ఈడ్చి, చెరకురసం బండికీ, పెళ్ళిపందిట్లో పళ్ళరసానికీ చేర్చితేనే ఇబ్బంది.

ఈ గందరగోళాన్ని ఆపడానికే 2018లో ఆహార భద్రతా సంస్థ, తినడానికి పనికిరాని ఐసుకు నీలిరంగు కలపాలని చెప్పింది. తెల్లనిది తినేది, నీలమైనది తినరానిది అని పసివాడు కూడా గుర్తుపట్టాలన్నది ఉద్దేశం. మంచి ఆలోచన. మన బండ్ల దగ్గరకు, మన పందిళ్ళలోకి వచ్చే ఐసును ఒకసారి గమనించండి, అది ఏ ఫ్యాక్టరీదో అడగండి. సమాధానం రాకపోతే ఆ గ్లాసు పక్కన పెట్టండి. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. నీటికి పట్టిన రోగం ఐసుకు పట్టదనుకోవడం అమాయకత్వం.

ఇంటి ఐస్‌క్రీముకూ దీనికీ సంబంధమేమిటి? చేత్తో తిప్పే ఐస్‌క్రీము బకెట్లు కొందరి ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. 1843లో అమెరికాలో నాన్సీ జాన్సన్ అనే మహిళ పేటెంటు పొందిన ఉపాయమది. బయటి బకెట్టులో ఐసు, రాళ్ళ ఉప్పు, లోపలి డబ్బాలో పాలు. ఉప్పు కలిసిన ఐసు సున్నాకు చాలా దిగువకు చల్లబడి లోపలి పాలను గడ్డకట్టిస్తుంది. చక్కని సాధనమే. కానీ ఆ బయటి ఐసు చేపల దిమ్మ కావచ్చు. మూత తీసేటప్పుడు ఆ ఉప్పునీరు ఒక్క చెంచాడు లోపల పడినా ఇంతసేపు పాలు మరిగించిన శ్రమ వృథా. మూత తెరిచే ముందు డబ్బాను పైకెత్తి, బయట శుభ్రమైన నీటితో కడిగి, గుడ్డతో తుడవండి. పుల్ల ఐసు, సేమ్యా ఐసు ఇంట్లో అచ్చుల్లో పోసేటప్పుడు కాచి చల్లార్చిన నీళ్ళే వాడండి.

గిన్నె పెద్దది, లెక్క చిన్నది

ఎవరూ చెప్పని లెక్క ఒకటి చెబుతాను. అంగట్లో ఐస్‌క్రీమును బరువులో అమ్మరు, మిల్లీలీటర్లలో అమ్ముతారు. కారణం గాలి. యంత్రం గిలకొట్టేటప్పుడు అందులో గాలి చేరుతుంది. లీటరు ఐస్‌క్రీము కనీసం 525 గ్రాములైనా తూగాలని చట్టం చెప్పవలసి వచ్చిందంటే, మిగిలినదంతా ఏమిటో మీకే తెలుస్తుంది. ఇంట్లో చేసినదానిలో గాలి తక్కువ. కాబట్టి అదే కప్పు నిండా పెడితే ఇంటి ఐస్‌క్రీము అంగడిదానికి దాదాపు రెట్టింపు తూగుతుంది. తీపి, కొవ్వు కూడా ఆ మేరకు పెరుగుతాయి. "ఇంటిదే కదా" అని కప్పుకు బదులు గిన్నె నింపితే, బయట తిన్నదానికన్నా మూడు నాలుగింతలు తిన్నట్టే.

దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహంతో ఉన్నారని భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో తేల్చింది. అందుకేనేమో, "షుగరు ఉన్నవారు కూడా తినదగిన బెల్లం ఐస్‌క్రీము" అని మరో రకం వీడియోలు పుట్టాయి. బెల్లంలో నూటికి ఎనభై పాళ్ళకు అటూ ఇటూగా ఉండేది చక్కెరే. తాటిబెల్లమైనా, ఖర్జూరమైనా, తేనె అయినా రక్తంలోకి వెళ్ళాక పంచదారతో చుట్టరికం కలుపుకుంటాయి. మధుమేహం ఉన్న మా వయసువారికి నా సలహా: తినాలనిపిస్తే మామూలు ఐస్‌క్రీమే రెండు చెంచాలు, భోజనంలో ఆ మేరకు అన్నం తగ్గించుకుని, అప్పుడప్పుడు తినండి. బెల్లం పేరు చెప్పుకుని గిన్నెడు తినకండి.

మరి ఎలా చేయాలి?

విమర్శించి ఊరుకోవడం వైద్యుని పని కాదు, చీటీ రాయాలి. ఇదిగో చీటీ. ఇది పదిమందికి సరిపోతుంది.

1. చిక్కని గేదె పాలు ఒక లీటరు తీసుకోండి. పాడివారి దగ్గరవైనా, చిట్టినగర్ పాల ప్రాజెక్టు పొట్లమైనా సరే. అడుగు మందంగా ఉన్న గిన్నెలో, కలుపుతూ, మీగడను మళ్ళీ పాలలోకే తోస్తూ, 600 మిల్లీలీటర్లకు దిగేదాకా మరిగించండి. గేదె పాలలో కొవ్వు 6, 7 శాతం ఉంటుంది. ఇలా ఇంకిస్తే ఆ పాలలో కొవ్వు 10 శాతానికి దానంతట అదే చేరుతుంది. నూనె క్రీము అవసరమే లేదు.

2. పంచదార 80 గ్రాములు వేయండి. పూర్తిగా మానేస్తే ఐస్‌క్రీము రాయిలా గట్టిపడుతుంది. చక్కెర తీపి కోసమే కాదు, మెత్తదనం కోసం కూడా ఉంది. 80 గ్రాములు పదిమందికి పంచితే తలా 8 గ్రాములు.

3. స్టవ్ ఆపాక గిన్నెను అలాగే వదిలేయకండి. మే నెల వంటగదిలో అది గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది, ఆ సమయమే ప్రమాదం. గిన్నెను చల్లని నీళ్ళ పళ్ళెంలో పెట్టి కలుపుతూ చల్లార్చండి, గంటలోపు ఫ్రిజ్‌లోకి చేర్చండి.

4. మామిడి చిన్న రసాలు గానీ, బంగినపల్లి గానీ, కోసేముందు నీళ్ళలో నానబెట్టి, బాగా కడిగి, 200 గ్రాముల గుజ్జు తీయండి. పాలు పూర్తిగా చల్లారాకే కలపండి. వేడి పాలలో కలిపితే పులుపుకు విరుగుతాయి. రంగు, ఎసెన్సు అవసరం లేదు, మామిడికి రెండూ ఉన్నాయి.

5. కాచిన నీటితో తొలిపిన స్టీలు డబ్బాలో పోసి, మూత పెట్టి, ఫ్రీజరులో ఉంచండి. గంటన్నరకొకసారి రెండు మూడుసార్లు తీసి, శుభ్రమైన కవ్వంతో గిలకొట్టండి. మంచు పలుకులు విరిగి మెత్తబడుతుంది. పొడులు చేసే పని ఇదే.

6. ఒకసారి తినేంత కొలతగా చిన్న కప్పుల్లో పోసి గడ్డకట్టించడం ఇంకా మంచిది. పెద్ద డబ్బాను పదిసార్లు తీసి పెట్టే పని ఉండదు, ఎంగిలి చెంచాలు పడవు, ఎవరెంత తిన్నారో లెక్క తెలుస్తుంది. మూడు నాలుగు రోజుల్లో ముగించండి.

ఇందులో ఉన్నవి మూడే వస్తువులు. వాటి పేర్లు మీ నాయనమ్మకు కూడా తెలుసు.

ఒక న్యాయమైన ప్రశ్న

"ఇంత పని ఎవరు చేస్తారండీ?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంట్లో చేసుకోండి అని సలహా ఇచ్చేవారిలో చాలామంది మగవారు. నలభై రెండు డిగ్రీల వేడిలో స్టవ్ ముందు గంటసేపు నిలబడి పాలు ఇంకించేది మాత్రం ఆ ఇంటి ఇల్లాలు. కాబట్టి ఈ చీటీ ఇల్లాలికి మాత్రమే రాసినది కాదు. పాలు కలపడానికి, పండు పిసకడానికి, కవ్వం తిప్పడానికి చదువు కావాలా? సెలవుల్లో ఉన్న పిల్లల చేత చేయించండి. పొట్లం మీది అక్షరాలను వారిచేతనే చదివించండి. ఇంటి యజమాని కూడా ఒక పూట కవ్వం పట్టుకుంటే పరువేమీ పోదు.

అదీ కుదరకపోతే సిగ్గుపడనక్కరలేదు, కొనుక్కోండి. "ఐస్‌క్రీము" అని స్పష్టంగా రాసి ఉన్న, తయారీ తేదీ ఉన్న, కరిగి గడ్డకట్టిన ఆనవాళ్ళు లేని పొట్లం తీసుకుని, చిన్న కప్పుతో పెట్టండి. నూనె క్రీమూ, తీపి డబ్బా కలిపి ఇంట్లో చేసినదానికన్నా అది ఎన్నో విధాల మేలు. ఆ మాట అనడానికి ఈ వైద్యునికి సంకోచం లేదు.

ఆహార భద్రతా అధికారులకు కూడా ఒక మనవి. వేసవి మొదట్లోనే ఐసు ఫ్యాక్టరీల నీటిని పరీక్షించి, నీలిరంగు నిబంధనను కాగితం మీద నుండి దిమ్మ మీదకు దించండి. విప్పింగ్ క్రీము పొట్లం మీద "ఇది పాల మీగడ కాదు" అని తెలుగులో, కనబడేంత పెద్ద అక్షరాల్లో రాయించండి. ఆ నాలుగు మాటలు చదవగలిగితే ఏది వేయాలో, ఏది మానాలో తల్లులే నిర్ణయించుకుంటారు.

ఇక మీకు. ఈ సాయంత్రం పిల్లలు ఐస్‌క్రీము అడిగితే కాదనకండి. "ఇంట్లో చేసింది" అన్న మాట నోటివరకు వచ్చినప్పుడు మాత్రం మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇందులో ఏమున్నాయో నాకు తెలుసా? ఇది బాగా మరిగి, త్వరగా చల్లారిందా? బిడ్డ చేతిలో ఉన్నది కప్పా, గిన్నెా? మూడింటికీ జవాబు చెప్పగలిగితే అది నిజంగా మీ ఇంటి ఐస్‌క్రీము. నిశ్చింతగా పెట్టండి, మీరూ ఒక కప్పు తినండి.